రంగు చేపకూ ఒకే మేత సరిపోదు: మన పొలంలోనే ఉంది దాని భోజనం

పై వీడియోలో మొయినా తొట్టి, అజొల్లా మడి, పక్కనే గాజు తొట్టెలో గప్పీలు, మోలీలు చూసి కొంతమందికి సందేహం రావచ్చు, "ప్రకృతి సేద్యం చేసేవాళ్లకి ఈ అద్దాల చేపలతో ఏం పని?" అని. పని ఉందండి. ఈ రోజుల్లో పల్లెటూళ్లో కూడా పిల్లలున్న కొన్ని ఇళ్లలో చేపల తొట్టె కనిపిస్తోంది. కొందరు అక్కచెల్లెళ్లు పెరట్లో సిమెంటు తొట్లు కట్టి రంగు చేపలు పెంచి అమ్ముతున్నారు. కానీ మేత దగ్గరకొచ్చేసరికి అందరిదీ ఒకటే పద్ధతి. షాపులో ఇచ్చిన ఎర్ర గుళికల డబ్బా, పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు. ఏడాది పొడుగునా అదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. భూమికి ఒకే పంట మంచిది కాదని నమ్మే మనం, కళ్లెదురుగా ఉన్న జీవికి ఏడాదంతా ఒకే మేత వెయ్యడం మన మాటకు మనమే ఎదురు నడవడం. తొలకరికి ముందు పాతిక ముప్పై రకాల విత్తనాలు కలిపి చల్లుతున్నాం. ఎందుకు? ఒక్కో వేరు భూమికి ఒక్కో రకం ఆహారం ఇస్తుందని. చేప కడుపుకీ అదే లెక్క. పైగా వాగులో ఉన్న చేప తనకు కావలసింది వెతుక్కుంటుంది. అద్దాల తొట్టెలో ఉన్న చేపకు ఆ దారి లేదు. మనం వేసిందే తినాలి, లేదా పస్తుండాలి. అందుకే బాధ్యత మొత్తం మనదే.

ఈ చేపలు ఎక్కడివి, అక్కడ ఏం తింటాయి?

మేత గురించి మాట్లాడే ముందు పుట్టిన ఊరు తెలియాలి. గప్పీ వెనిజులా, ట్రినిడాడ్ వైపు వాగుల చేప. అక్కడ రాళ్ల మీది పాచి, నీటిలో పడ్డ పురుగులు, లార్వాలు, ఏది దొరికితే అది తింటుంది. మోలీ మెక్సికో, మధ్య అమెరికా చేప. దానికి పాచి, ఆకు ఎక్కువ కావాలి. ఏంజెల్ చేప అమెజాన్‌ది. పురుగులు, చిన్న రొయ్యల్లాంటి జీవులు, బుల్లి చేపలు దాని ఆహారం. ఫైటర్ చేప థాయిలాండ్ వరి మళ్లలో, చిత్తడి నేలల్లో పుట్టింది. అది పూర్తిగా పురుగుల మీద బతికే చేప. వరి మడిలో పురుగుని తిని పెరిగే జాతిని తెచ్చి గాజు సీసాలో పెట్టి, గోధుమ పిండి గుళికలు వేస్తున్నాం మరి.

గోల్డ్ ఫిష్ అసలు ఉష్ణమండలపు చేప కాదు. చైనా నుంచి వచ్చిన, కొంచెం చల్లటి నీళ్లు ఇష్టపడే చేప. అయినా మన ఇళ్లలో ఎక్కువ కనిపించేది అదే కాబట్టి చెబుతున్నా. మన బొచ్చె, రోహు కుటుంబానిదే. దానికి మనలాగా జీర్ణాశయపు సంచి ఉండదు, నోటి నుంచి దాదాపు నేరుగా పేగే. అందుకే ఒకేసారి ఎక్కువ మేత పడితే నలిగిపోతుంది. కొంచెం కొంచెంగా, ఆకు ఎక్కువగా పెడితే హాయిగా ఉంటుంది.

నోరు చూసినా చాలా తెలుస్తుంది. మన చెరువుల్లో బొచ్చె పైనీటిలో, రోహు మధ్య నీటిలో, ఎర్రమోసు అడుగున తింటుందని కైకలూరు, భీమవరం వైపు రైతుల్ని అడిగితే పిల్లలు కూడా చెబుతారు. తొట్టెలోనూ అంతే. నోరు పైకి తిరిగి ఉంటే పైన తేలే మేత, ముందుకు ఉంటే మెల్లగా మునిగే మేత, కిందికి ఉంటే అడుగుకి చేరే మేత. తేలే గుళికలు మాత్రమే వేస్తే అడుగున తిరిగే కోరీ చేప మిగతావాటి ఎంగిలి ఏరుకుని బతకాలి.

సక్కర్ చేప గురించి షాపులో చెప్పే మాట ఒకటుంది. "ఇది మిగతా చేపల మలం తిని తొట్టె శుభ్రం చేస్తుంది, దీనికి మేత అక్కర్లేదు" అని. అది నిజం కాదు. అది తినేది పాచి, కుళ్లిన ఆకు, చెక్క మీది పొర. గాజు మీది పాచి అయిపోగానే దానికి కీర ముక్కో, సొరకాయ ముక్కో, పాలకూరో వెయ్యాలి. లేకపోతే కడుపు లోపలికి పీక్కుపోయి చస్తుంది.

డబ్బా మేత తప్పా?

తప్పనడం లేదు. మంచి కంపెనీ గుళికల్లో మాంసకృత్తులు, విటమిన్లు లెక్క ప్రకారం కలుపుతారు. దాన్ని పునాదిగా వాడుకోండి. నా అభ్యంతరం అది ఒక్కటే పెట్టడం మీద, ఎలాంటిది కొంటున్నామో చూడకపోవడం మీద.

మనుషుల్లాగే చాలా చేపలు విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. మేతలోంచే రావాలి. అది కరువైతే పిల్లల్లో వెన్ను వంకర తిరుగుతుంది, పుండ్లు మానవు. ఈ విటమిన్ వేడికి, తేమకి, గాలికి తొందరగా పాడవుతుంది. మన ఎండల్లో, మూత సరిగా పెట్టని డబ్బాలో ఆరు నెలలు ఉన్న మేతలో ఎంత మిగిలి ఉంటుందో ఆలోచించండి. షాపుల్లో పెద్ద సంచి విప్పి, చిన్న పాలిథిన్ కవర్లలో కట్టి అమ్మే మేత ఇంకా ఘోరం. తయారైన తేదీ ఉండదు, ఏం కలిపారో ఉండదు. చిన్న డబ్బా కొనండి, తేదీ చూడండి, తీశాక రెండు మూడు నెలల్లో అయిపోయేలా చూసుకోండి, ఎండ తగలని చోట పెట్టండి.

రంగు కూడా అంతే. ఎరుపు, నారింజ రంగుల్ని ఇచ్చే కెరోటినాయిడ్లను చేప తయారు చేసుకోలేదు. పాచి, రొయ్య తొక్క, ఆకు, పువ్వు, వీటి నుంచి రావాలి. కొన్నప్పుడు నిప్పులా ఉన్న గోల్డ్ ఫిష్ ఆర్నెల్లకి పాలిపోతే నీళ్లని అనుమానిస్తాం. వెలుతురు, జబ్బు కూడా కారణం కావచ్చు గానీ, ముందు మేత చూడండి.

మన దగ్గర ఏమున్నాయి?

పట్నంలో తొట్టె పెట్టుకున్నాయన ఇవన్నీ డబ్బు పెట్టి కొనాలి. మనకు పెరట్లోనే ఉన్నాయి.

*అజొల్లా.* ఆరబెట్టి లెక్క చూస్తే 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు. పచ్చిగా మాత్రం నూటికి 90 పాళ్లకు పైనే నీళ్లు, కాబట్టి ఇదొక్కటే పెట్టి బలం వస్తుందనుకోవద్దు. గోల్డ్ ఫిష్‌కి, మోలీలకి పచ్చి మేతగా బాగుంటుంది. మడిలో పేడ వేస్తాం కదా, రెండు మూడు నీళ్లలో బాగా జాడించాకే తొట్టెలో వెయ్యాలి.

*ఆకుకూరలు.* పాలకూర, మునగాకు వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచి, చల్లార్చి, సన్నగా తరిగి వెయ్యండి. ఉడికించిన పచ్చి బఠాణీ పొట్టు తీసి నలిపి వేస్తే మలబద్ధకంతో పొట్ట ఉబ్బిన గోల్డ్ ఫిష్‌కి చాలాసార్లు ఉపశమనం ఇస్తుంది.

*బంతిపూలు.* గట్ల మీద ఎర పంటగా వేసుకుంటున్నాం. మందు కొట్టని పూరేకులు నీడలో ఆరబెట్టి పొడి చేసి మేతలో కలిపితే పసుపు, నారింజ రంగులకు పనికొస్తుంది. కోడిగుడ్డు సొన రంగు కోసం కోళ్ల మేతలో కలిపేదీ ఇదే.

*వానపాములు.* చేపకు ఇంతకన్నా రుచి లేదు. కానీ ఏ వానపాము అన్నది ముఖ్యం. వర్మీ కంపోస్టు బెడ్లలో పెంచే ఐసీనియా ఫెటిడా, అదే ఎర్ర చారల విదేశీ పాము, ముట్టుకుంటే ఘాటైన పసుపు ద్రవం వదులుతుంది. చాలా చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. పాలేకర్ గారు ఆ పామును ఎందుకు వద్దంటారో మనకు తెలుసు, ఆ వాదన ఇక్కడ తీయను. చేప తీర్పు మాత్రం దానికి అనుకూలంగా లేదు. మన నేలలోని స్థానిక వానపాము, లేదంటే యూడ్రిలస్ రకం తీసుకోండి. తడి గడ్డిలో ఒక రోజు ఉంచితే పొట్టలో మట్టి పోతుంది. కడిగి, చేప నోటికి పట్టే సైజులో ముక్కలు చేసి వెయ్యాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

*మొయినా, డాఫ్నియా.* వీడియోలో ఎక్కువ సమయం దీనికే ఇచ్చాం. ఎందుకంటే చేపపిల్లల పెంపకంలో ఇదే ప్రాణం. ఒక 100 లీటర్ల తొట్టెలో క్లోరిన్ లేని నీళ్లు నింపి, చిన్న గుడ్డ సంచిలో కొంచెం పేడ, కొంచెం వేరుశనగ చెక్క కట్టి వేలాడదీయండి. నాలుగైదు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. అప్పుడు మొయినా విత్తనం వదలండి. వెచ్చటి నీటిలో వారం పది రోజులకి తొట్టె నిండా చుక్కలు చుక్కలుగా ఆడుతుంటాయి. పలుచటి గుడ్డతో వడగట్టి, మంచి నీళ్లలో కడిగి చేపలకు వెయ్యాలి. నీళ్లు తేటబడితే మేత అయిపోయిందని అర్థం, వాసన కొడితే ఎక్కువైందని అర్థం. ఒక తొట్టె దెబ్బతింటే ఇంకోటి నిలబడేలా రెండు తొట్లు పెట్టుకోండి.

చెరువులో వలతో పట్టుకొచ్చి నేరుగా వేసేవాళ్లున్నారు. దాంతోపాటు తూనీగ పిల్లలు, చేప పేను, హైడ్రా కూడా వస్తాయి. తూనీగ పిల్ల రాత్రికి రాత్రి గప్పీ పిల్లల్ని ఖాళీ చేస్తుంది. విత్తనానికి ఒక్కసారి తెచ్చుకుని, ఏరి, మన తొట్టెలో పెంచుకోవడం మేలు.

*దోమ లార్వాలు.* ఫైటర్‌కి, ఏంజెల్‌కి అసలైన విందు. కానీ వీటి కోసమని నీళ్లు నిలబెట్టి పెంచకండి. మన వేడికి గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు, ఒక్క వారం మరిచిపోతే ఊరికి డెంగీ తెచ్చిపెట్టినవాళ్లం అవుతాం. పశువుల తొట్టిలో, పాత కుండలో ఎలాగూ పడినవాటిని రెండు రోజులకోసారి వడగట్టి చేపకు వెయ్యండి. అటు దోమా తగ్గింది, ఇటు మేతా దొరికింది.

*పుట్టిన పిల్లలకు.* గప్పీ, మోలీ పిల్లలు పుడుతూనే నలిపిన మేత, మొయినా పిల్లలు తింటాయి. గుడ్డు పెట్టే జాతుల పిల్లలకు అవి కూడా పెద్దవే. గాజు సీసాలో నీళ్లు పోసి ఒక గడ్డి పిడికెడు, చిన్న అరటి తొక్క ముక్క వేసి ఉంచితే ముందు నీళ్లు మసకబారి, నాలుగైదు రోజులకు తేరుకుని, వాసన తగ్గుతుంది. అప్పుడు అందులో ఇన్‌ఫ్యూసోరియా తయారైనట్టు. చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. ఉడికిన గుడ్డు సొన కూడా పెడతారు గానీ, కాస్త ఎక్కువైతే నీళ్లు కుళ్లుతాయి.

ఇంట్లో చేసుకునే ముద్ద

తొక్కతో సహా ఉడికించిన రొయ్యలు 100 గ్రాములు, పాలకూర, మునగాకు కలిపి 50 గ్రాములు, ఉడికిన క్యారెట్ ఒక చిన్న ముక్క, స్పైరులినా పొడి ఒక చెంచా. అన్నీ మెత్తగా రుబ్బాలి. 5 గ్రాముల చైనా గ్రాస్ ఒక గ్లాసు నీళ్లలో మరిగించి, కాస్త వేడి తగ్గాక కలిపి, పళ్లెంలో పలుచగా పోస్తే గట్టిపడుతుంది. ముక్కలు కోసి డీప్ ఫ్రిజ్‌లో పెడితే నెల వస్తుంది. మోలీలకి, గోల్డ్ ఫిష్‌కి రొయ్య తగ్గించి ఆకు పెంచండి. ఉప్పు, నూనె, కారం ఏదీ తగలకూడదు.

ఆస్కార్ లాంటి పెద్ద చేపలున్నవాళ్లు రోజూ పచ్చి చేప ముక్కలు వేస్తుంటారు. కొన్ని చేపల మాంసంలో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది.

వారం లెక్క

మా ఇంట్లో గప్పీలు, మోలీలు, ప్లాటీలు కలిసి ఉన్న తొట్టెకి మేం పాటించేది ఇది:

సోమవారం: గుళికలు
మంగళవారం: మొయినా
బుధవారం: ఆకుకూర లేదా అజొల్లా
గురువారం: ఇంటి ముద్ద
శుక్రవారం: గుళికలు, సాయంత్రం కీర ముక్క
శనివారం: వానపాము ముక్కలు లేదా వడగట్టిన లార్వాలు
ఆదివారం: పస్తు

పస్తు అంటే భయపడకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు వారానికి ఒక రోజు మేత లేకపోతే ఏమీ కాదు. పిల్లలకు మాత్రం పస్తు వద్దు, వాటికి రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం కావాలి.

ఎంత వెయ్యాలి? రెండు మూడు నిమిషాల్లో తినేసేంత. రకాలు పెంచమంటే పరిమాణం పెంచమని కాదు. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. నీటి పీహెచ్ ఎక్కువున్నప్పుడు, వేడి పెరిగినప్పుడు అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారమే, ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. పైగా మధ్యాహ్నం కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, ఎక్కువ మేత వేసిన తొట్టే ముందు మునుగుతుంది. మే నెలలో మేత తగ్గించండి.

సహజం అయినంత మాత్రాన మంచిది కాదు

ఈ మాట మనవాళ్లకే చెప్పాలి. ప్రకృతి సేద్యంలో ఉన్నవాళ్లలో కొందరికి ఒక నమ్మకం ఉంది, సహజమైనదేదైనా ఎంతైనా వాడొచ్చని. "తొట్టెలో కొంచెం జీవామృతం పోస్తే ప్లవకాలు పుడతాయి కదా?" అని అడిగేవాళ్లున్నారు. పొయ్యొద్దు. 200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం ఉంటాయి. ఎకరం చెరువు తట్టుకున్నది 50 లీటర్ల గాజు తొట్టె తట్టుకోదు. మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా మారుతుంది, బెల్లం కుళ్లుతూ నీటిలో ప్రాణవాయువు లాగేస్తుంది. పేడ మొయినా తొట్టికి, మొయినా చేపకి. ఆ వరస తప్పించకండి.

కషాయాలూ అంతే. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, పొగాకులోని నికోటిన్ చేపకు విషం. బ్రహ్మాస్త్రంలో వేప, సీతాఫలం ఆకుల్లాంటివి కలుపుతాం. పురుగు మీద పనిచేసేది చేప మీద పనిచెయ్యదని ఏం లేదు. కషాయం కొట్టిన మడిలోని ఆకు చేపకు వెయ్యొద్దు. కషాయం కలిపిన బకెట్టు, చెంబు చేపల దగ్గరకు తేవొద్దు. సంతలో కొన్న ఆకుకూర మీద ఏ రసాయనం ఉందో చెప్పలేం. పైరిత్రాయిడ్ మందులు అతి తక్కువ మోతాదులోనే చేపల్ని చంపుతాయి. అందుకే మందు కొట్టని మన పెరటి ఆకుకి చేప దగ్గర ఇంత విలువ.

ట్యూబిఫెక్స్ పురుగులు కూడా సహజమే. ప్రాణంతో ఉన్న ట్యూబిఫెక్స్ చాలావరకు మురుగు కాలువల నుంచి వస్తుంది. దాంతోపాటు రోగాలూ వస్తాయి. మన దగ్గర వానపాము, మొయినా ఉండగా దాని అవసరం నాకు కనిపించదు. ఇక బ్రెడ్డు, బిస్కెట్లు, అన్నం మెతుకులు, ఇడ్లీ ముక్కలు ప్రేమతో వేసేవాళ్లకి ఒక్క మాట. అది పిండి. పొట్ట ఉబ్బుతుంది, నీళ్లు పాడవుతాయి.

ఇందులో రైతుకి ఏముంది?

పట్నంలోని చేపల షాపులకి, రంగు చేపలు పెంచేవాళ్లకి ప్రాణంతో ఉన్న శుభ్రమైన మేత కావాలి. ఆర్టీమియా గుడ్లు చాలావరకు విదేశాల నుంచి వస్తాయి, ధర ఎక్కువ. కవర్లో ప్రాణవాయువు పట్టి ఇచ్చిన మొయినా, కడిగి ఇచ్చిన వానపాములు, ఆరబెట్టిన అజొల్లా, బంతి రేకుల పొడి, ఇవన్నీ అమ్ముడయ్యే సరుకులే. ముందు మీకు దగ్గరలో ఎన్ని షాపులున్నాయో, వారానికి ఎంత తీసుకుంటారో మాట్లాడుకుని, ఒక్క తొట్టితో మొదలుపెట్టండి. లక్షలొస్తాయని నేను చెప్పను. పాలు, గుడ్ల పక్కన ఇంకో చిన్న ఆదాయం.

చేపలే పెంచాలనుకుంటే, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయం లెక్కగట్టి, జనరల్ వారికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వారికి 60 శాతం సాయం పెట్టారు. ఇప్పుడు మీ జిల్లాలో ఎలా ఉందో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కున్నాకే తొట్లు కట్టండి.

చివరిగా ఒక విన్నపం. మేత పెట్టలేకపోతున్నామనో, చేప పెద్దదైపోయిందనో కాలువలో, చెరువులో వదిలెయ్యకండి. అక్వేరియం కోసం వచ్చిన సక్కర్ చేపే ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేపై వలలు చింపుతోంది, మన చేపల మేత తినేస్తోంది. దాన్ని ఏ కంపెనీయో తెచ్చి పొయ్యలేదు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి వదిలారు. చెయ్యి చాచితే వచ్చి తినే జీవిని తెచ్చుకున్నామంటే చివరిదాకా సాకాలి. తెలిసినవాళ్లకి ఇవ్వండి, షాపుకి తిరిగివ్వండి.

ఈ వారం డబ్బా పక్కన ఇంకొక్క రకం మేత చేర్చండి. పాలకూర రేకుతో మొదలుపెట్టినా సరే. మొయినా విత్తనం ఎలా ఏరాలో, ఎలా వడగట్టాలో వీడియోలో చూపించాం. మీ చేపలు ఏది తిన్నాయో, ఏది ఉమ్మేశాయో మాకు రాయండి.